తావు మార్చినంత మాత్రమున

శ్రీశైలము జలాశయము కొఱకు, మా ఆత్మకూరికి ఎగువన కృష్ణా తుంగభద్రల సంగమముననున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, అలంపురమునకు గొనిపోయి, మరల నిలిపిరి. ఏ రాయి ఏ వరుసలోనిదో గుర్తెఱుగనిదే ఆ పని సాగదు. తావు మార్చుట యనగా అది. ఒక సంస్థ ఊరు మారునపుడు దాని పనివాండ్రకు ఆ రాళ్లపాటి లెక్కయైన నుండవలదా?

దూరపు దృష్టాంత మక్కరలేదు. 1938లో మద్రాసున పుట్టిన ఆంధ్రప్రభను 1959లో విజయవాడకు మార్చిరి. దానిని నడపుచుండిన ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్సు కంపెనీ ఆ దినపత్రికను, సచిత్ర వారపత్రికను విజయవాడలోని వేఱొక ప్రైవేటు కంపెనీ పరము చేసినది. ఏప్రిల్ 27న మద్రాసు పనివారును పాత్రికేయులును సమ్మె కట్టిరి. రెండు దినములలో యాజమాన్యము తలుపులు మూసినది. ఈ మార్పు తగునా, పనివారికి దక్కవలసినదేమి, సమ్మెయు లాకౌటును న్యాయములేనా యను ప్రశ్నలను మద్రాసు ప్రభుత్వము పారిశ్రామిక ట్రిబ్యునలునకు నివేదించెను.

యాజమాన్యము చెప్పిన సమాధానము వినదగినది. "ఇది లాకౌటు కాదు, వ్యాపారమునే మూసితిమి, మూసినచోట తగాదా యెక్కడిది?" అని దాని వాదము. పాఠకుని యింటికి మాత్రము అదే పేరుతో అదే పత్రిక వచ్చుచునే యుండెను. పాఠకునికి బ్రదికియున్నది పనివానికి చచ్చినదెట్లగును? తర్కశాస్త్రము చదివిన బాలుడైన దీనికి నవ్వును.

వ్యాజ్యము హైకోర్టున ఒకమాఱు అటును, ఒకమాఱు ఇటును తిరిగి సుప్రీంకోర్టు కెక్కినది. మూసివేతయా, లాకౌటా యనునది మొదట ట్రిబ్యునలే విచారింపవలెనని 1962లో తీర్పు వచ్చెను. మూడేండ్లు గడచినవి, తేలినది ఫిర్యాదు వినువారెవరనునది మాత్రమే. ఆ మూడేండ్లు కంపోజిటరు ఇంటి పొయ్యి ఎట్లు వెలిగెనో ఏ తీర్పులోను వ్రాయరు.

తెలుగు పత్రిక తెలుగునాట నుండుట తగదా యని కొంద రడుగుదురు. తగును. మద్రాసు మనకు దక్కలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన పిమ్మట పత్రికలు ఇటు తరలుట సహజమే, నాకును ఇష్టమే. కాని మన సంతోషమునకు వెల ఎవరు చెల్లించిరి? ఆ పత్రికకు సంపాదకులై పేరొందిన నార్ల వేంకటేశ్వరరావుగారు 1960లో విజయవాడనుండియే వెలువడిన ఆంధ్రజ్యోతికి సంపాదకులైరి. అంతటి కలమునకు ఏ ఊరైనను తావిచ్చును. సీసపు అక్షరములు కూర్చు చేయికి ఆ వెసులుబాటు లేదు. దానివెంట అద్దెయిల్లు, అప్పు, బిడ్డల బడి యున్నవి.

పనివాని వెంట గొనిపోవుట అసాధ్యమా? కాదు. 1996 జూలై 8న ఢిల్లీనుండి 168 కర్మాగారములను తొలగింపుమని ఆజ్ఞాపించుచు సుప్రీంకోర్టే దారి చూపినది: కొత్తతావున పాత కొలువే సాగవలెను, నడుమ మూతపడిన కాలమునకు పూర్తి వేతనమీయవలెను, వెంటవచ్చి స్థిరపడుటకు ఏడాది జీతము బోనసుగా నీయవలెను. గాలి చెడగొట్టుచున్నవని కోర్టు వెడలగొట్టిన వారే ఇంత యీయవలసియుండగా, తమ లాభముకొఱకు తామై కదలువారికి తక్కువ ఋణమా?

పోనీ, నేటి చట్టమైన కాపాడునా యందమా? 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడు ప్రకారము, 300 మందికి తక్కువగా పనిచేయు కర్మాగారమును మూయుటకు ప్రభుత్వపు ముందనుమతి యక్కరలేదు. అంతకుమునుపు ఆ హద్దు 100. మా కరవుసీమలో మున్నూఱుమంది పనిచేయు కర్మాగారములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే. రెండువందల తొంబదిమందికి కూడు పెట్టుచున్నవాడు మూటగట్టుకొని పోవుటకు ఎవ్వరి నడుగవలెను?

మూసివేతయని పేరుపెట్టి పరుగెత్తు దారిని కట్టవలెను. లారీ యెక్కు యంత్రముల పట్టికతోపాటు మనుష్యుల పట్టికయు మూడుమాసములు ముందుగా కర్మాగారపు ద్వారమున అంటింపవలెను: ఎవరు వత్తురు, ఏ జీతమునకు, ఎవరు రాజాలరు, వారికెంత, ఎన్నడు.