పాత ఫోన్ చిన్నోళ్లకు ఇచ్చేస్తున్నారా? దాంతో పాటు ఒక అట్టపెట్టె, కత్తెర కూడా ఇవ్వండి

కొత్త ఫోన్ అన్‌బాక్స్ చేసిన రోజే ఇంట్లో ఇంకో పంచాయితీ మొదలవుతుంది: పాతది ఎవరికి? ఎక్స్ఛేంజ్‌లో పెడదామంటే స్క్రీన్ మీద గీత ఉందని కొంత, బ్యాటరీ తగ్గిందని కొంత కోసేసి, మనసు విరిగిపోయే రేటు చెప్తారు. "ఎందుకులే, తమ్ముడికిద్దాం" అనుకుంటాం. లేదంటే అక్క కూతురికి. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, వైఫై కలిపి, చేతిలో పెట్టేస్తాం. పది నిమిషాల పని.

ఫ్రెండ్స్, ఆ పది నిమిషాల గురించే ఈ ఆర్టికల్. మన ఇళ్లలో ఫోన్ ఏది కొనాలో, ట్యాబ్‌లో ఏం వేయాలో చెప్పేది ఎక్కువగా మనమే. అమ్మానాన్నలు కూడా మనల్నే అడుగుతారు. అంటే పాత ఫోన్ ఒక ఏడేళ్ల పిల్ల చేతిలో ఏమవ్వాలో తేల్చేదీ మనమే. నా అభిప్రాయం సూటిగా చెప్తా: పిల్లల చేతిలో ఫోన్ టీవీ కాకూడదు, పనిముట్టు కావాలి. అది పనిముట్టు కావాలంటే దాని పక్కన అట్ట, మట్టి, సుద్దముక్క, కత్తెర లాంటివి ముందే ఉండాలి.

స్పెక్స్ కాదు, చివర్లో ఏం మిగిలింది?

మనం ఫోన్‌ను ప్రాసెసర్, ర్యామ్, రిఫ్రెష్ రేట్ చూసి అంచనా వేస్తాం. పిల్లలకిచ్చే వస్తువుకి నేను ఒకటే పరీక్ష పెడతా. గంటసేపు వాడాక పిల్లల దగ్గర ఏం మిగిలింది? ఒక బొమ్మ, ఒక బండి, ఒక చిన్న వీడియో, కనీసం పాడైపోయిన ఒక ప్రయత్నం మిగిలితే ఆ గంట పాస్. ఏదీ మిగలకుండా "ఇంకొక్క వీడియో" అన్న ఏడుపు మాత్రమే మిగిలితే ఫెయిల్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని చెప్పింది. ఏడాది లోపు పిల్లలకైతే అసలే వద్దంది. చాలామంది టైమర్ పెట్టి అక్కడితో పనైపోయిందనుకుంటారు. కానీ గంట అయ్యాక ఫోన్ లాక్కుంటే ఆ పిల్ల ఏం చేయాలి? చేతికి వేరే పని లేకపోతే టైమర్ వల్ల గొడవ తప్ప ఇంకేం రాదు.

కమలాపురంలో స్టోరేజ్ ఫుల్ కాని పలక

మా వైపు, అంటే కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతంలో పుట్టినోళ్లకు నాపరాయి గురించి చెప్పక్కర్లేదు. బయటి ఊర్లలో "కడప బండలు" అని అమ్మేది ఇదే. ఇంట్లో నేల ఇదే, వంటింటి గట్టు ఇదే, వాకిట్లో అరుగూ ఇదే. నల్లగా, నున్నగా ఉంటుంది. ఒక సుద్దముక్క ఇస్తే చాలు, ఇల్లంతా పలకే. తడిగుడ్డతో తుడిస్తే అన్‌డూ. పెద్ద ఏనుగును గీయాలంటే జూమ్ అవుట్ చేయాల్సిన పనిలేదు, పిల్లే లేచి రెండడుగులు వెనక్కి నడుస్తుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి గీయొచ్చు. చేయి భుజం నుంచి కదులుతుంది. 8 అంగుళాల ట్యాబ్ మీద వేలు మాత్రమే కదులుతుంది.

స్టైలస్ వద్దని కాదు. డిజిటల్‌గా గొప్పగా గీసేవాళ్లు ఉన్నారు, మీలోనూ ఉంటారు. కానీ ఐదేళ్ల చేతికి ముందు కావాల్సింది ఒత్తిడి తెలియడం. సుద్ద గట్టిగా నొక్కితే విరుగుతుంది, మెల్లగా రాస్తే కనపడదు. మట్టిలో నీళ్లు ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే పగులుతుంది. ఇలాంటి ఫీడ్‌బ్యాక్ ఏ వైబ్రేషన్ మోటారూ ఇవ్వలేదు.

ఇంట్లో అవ్వాతాతలు ఉంటే జొన్న దంటుతో బండి ఎట్లా చేసేవాళ్లో అడగండి. దంటు పైతొక్క ఒలుస్తారు. లోపలి బెండును ముక్కలు కోస్తారు. ఒలిచిన తొక్కనే సన్నటి పుల్లలుగా చీల్చి మేకుల్లా గుచ్చుతారు. జిగురు లేదు, స్క్రూ లేదు. చక్రం తిరగాలంటే ఇరుసు ఎంత వదులుగా ఉండాలో మొదటి బండి విరిగినప్పుడు తెలుస్తుంది. ఖర్చు సున్నా. స్పేర్ పార్ట్స్ చేనినిండా ఉంటాయి.

అట్టముక్కను చిన్నచూపు చూడొద్దు

"ఇవన్నీ పాతకాలం ముచ్చట్లు, మనది టెక్ సైట్ కదా" అంటారా? అయితే మన ఫీల్డ్‌లోకే వద్దాం. 2014లో గూగుల్ తన ఐ/ఓ సదస్సులో పంచిన కార్డ్‌బోర్డ్ గుర్తుందా? మడత పెట్టిన అట్ట, రెండు లెన్సులు, ఒక అయస్కాంతం. అందులో ఫోన్ పెడితే వీఆర్ హెడ్‌సెట్. ప్యారిస్‌లో ఇద్దరు గూగుల్ ఇంజినీర్లు మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. డిజైన్ అందరికీ ఫ్రీగా ఇచ్చారు. 2021లో గూగుల్ అమ్మకాలు ఆపేసింది, నిజమే. కానీ వీఆర్ అంటే ఏంటో చాలామందికి మొదటిసారి చూపించింది ఆ అట్టముక్కే. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోప్ కూడా అంతే. కాగితాన్ని మడిచి చేసుకునే మైక్రోస్కోప్.

మన దేశంలో ఈ దారిలో అందరికంటే ముందు నడిచినవాళ్లలో అరవింద్ గుప్తా ఒకరు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివిన ఈయన చెత్తలో పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయడాన్నే జీవితపు పనిగా పెట్టుకున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేసినవాటిలో బాగా పేరొచ్చింది అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో చేసే ఆకారాలు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కండి, పక్కకు వాలిపోతుంది. మూడింటితో త్రిభుజం చేసి నొక్కండి, కదలదు. ఇది చేత్తో చేసిన పిల్లకు సెల్ టవర్‌లో ఇనుప కడ్డీలు ఎందుకు త్రిభుజాలుగా ఉంటాయో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన వెబ్‌సైట్‌లో ఎన్నో పుస్తకాలు ఫ్రీగా దొరుకుతాయి, తెలుగువీ ఉన్నాయి. పాత ఫోన్‌లో గేమ్‌లకు బదులు వాటిలో రెండు డౌన్‌లోడ్ చేసి పెట్టండి.

ఇంకొకటి. మీరు కెమెరా రివ్యూలు చదివేవాళ్లు కాబట్టి మీకిది నచ్చుతుంది. కొత్త ఫోన్‌తో పాటు కొన్న బూట్ల పెట్టెనో, మిక్సీ పెట్టెనో తీసుకోండి. ఒకవైపు సూదితో చిన్న చిల్లు పెట్టండి. ఎదురువైపు అట్ట కోసి నూనె రాసిన కాగితం అంటించండి. ఎండలో ఉన్న చెట్టు వైపు చిల్లును తిప్పి, తల మీద దుప్పటి కప్పుకుని కాగితం వైపు నుంచి చూడండి. చెట్టు తలకిందులుగా కనపడుతుంది. చిల్లు పెద్దది చేస్తే వెలుగు పెరుగుతుంది, కానీ బొమ్మ మసకబారుతుంది. చిల్లు చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది, కానీ చీకటి. ఎండలకు కడప జిల్లాలో కొదవ లేదు కాబట్టి మన దగ్గర ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అపర్చర్ అంటే ఏంటో ఇంతకంటే బాగా చెప్పే వీడియో నేను చూడలేదు. ఒక్క జాగ్రత్త: సూర్యుడి వైపు మాత్రం తిప్పనీయొద్దు.

ఇప్పుడు ఫోన్ బయటికి తీయండి

చేతిలో చేసిన వస్తువు ఒకటి ఉన్నప్పుడు పాత ఫోన్ విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. రెండు ఉదాహరణలు చెప్తా.

మొదటిది తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఇప్పటికీ తోలుబొమ్మల ఊరే. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మేకతోలును వెలుగు అవతలికి కనపడేంత పల్చగా చేసి, చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. అందుకే తెర మీద రంగులు కూడా పడతాయి. ఇంట్లో దీని లైట్ వెర్షన్ చేయొచ్చు. పాత శుభలేఖ అట్ట, చీపురు పుల్లలు, తాత తెల్ల పంచె. వెనక దీపం బదులు ఫోన్ ఫ్లాష్. ఆ ఎల్‌ఈడీ చాలా చిన్నది కాబట్టి ట్యూబ్‌లైట్ కంటే నీడ పదునుగా వస్తుంది. బొమ్మను దీపం దగ్గరికి తెస్తే రాక్షసుడు, తెర దగ్గరికి తీసుకెళ్తే పిల్లోడు. అట్టకు కిటికీల్లా కోసి, వెలుగు పారే చాక్లెట్ రంగు కాగితాలు అంటిస్తే తెర మీద రంగు కూడా వస్తుంది.

రెండోది స్టాప్ మోషన్. జొన్న బెండు బండినో, మట్టి ఎద్దునో నాపరాయి మీద పెట్టి, కొంచెం కొంచెంగా జరుపుతూ ఫోటోలు తీయాలి. సెకనుకు 12 ఫోటోల లెక్కన 10 సెకన్ల సినిమాకు 120 ఫోటోలు. ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా మొత్తం 360 ఎంబీనే. ఎంత పాత ఫోనైనా తట్టుకుంటుంది. ఫోన్ కదలకుండా రెండు ఇటుకల మధ్య నిలబెట్టండి. స్క్రీన్ మీద నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, లేకపోతే వెలుగు మారి వీడియో మినుకుమినుకుమంటుంది. ఫోటోలను వీడియోగా కలపడానికి ప్లే స్టోర్‌లో ఫ్రీ యాప్‌లు ఉన్నాయి. ఈ పనిలో పిల్ల కథ ఆలోచిస్తుంది, బొమ్మ చేస్తుంది, లెక్క వేస్తుంది, ఓపిక పడుతుంది. ఫోన్ మాత్రం చెప్పిన పని చేస్తుంది. ఈ ఇద్దరిలో ఎవరు ఎవరి చెప్పుచేతల్లో ఉన్నారన్నదే అసలు తేడా.

కిట్ కొంటే సరిపోదా? ఏఐ గీసి పెట్టదా?

ఆన్‌లైన్‌లో వందల రకాల క్రాఫ్ట్ కిట్లు ఉన్నాయి. చాలావాటిలో ముక్కలన్నీ ముందే కోసి ఉంటాయి. నంబర్ చూసి అంటించడమే. చివరికి డబ్బా మీదున్న బొమ్మే వస్తుంది, పక్కింటి పిల్లకూ అదే వస్తుంది. అది అసెంబ్లీ. చేతికి పనే కానీ, "ఏం చేయాలి?" అన్న ప్రశ్న పిల్ల దాకా రాదు. రీల్స్‌లో వచ్చే క్రాఫ్ట్ వీడియోలు ఇంకో రకం. చూడ్డానికి బాగుంటాయి, చూసి స్క్రోల్ చేస్తాం. గ్లూ గన్ మన దగ్గర ఉండదు, ఆ రోజుకు అంతే.

ఏఐ సంగతి కొంచెం కష్టమైనది. ఇప్పుడు పిల్లలు ఒక వాక్యం చెప్తే చాలు, పేపర్ మీద తాము ఎప్పటికీ గీయలేనంత అందమైన బొమ్మ వచ్చేస్తుంది. దాని పక్కన తను గీసిన వంకర ఏనుగును చూసుకుని ఆ పిల్ల సుద్ద పక్కన పడేస్తే? నాకున్న భయం అదే. ఏనుగు తొండం ఎక్కడ మొదలవ్వాలి, కాళ్లకు చోటు సరిపోకపోతే ఏం చేయాలి అన్న చిన్న చిన్న నిర్ణయాలే పిల్లల్ని పెంచుతాయి. ఆ నిర్ణయాలన్నీ మెషీన్ తీసుకుంటే పిల్లకు దక్కేది బొమ్మ మాత్రమే. మనం ఏఐని ఎడాపెడా వాడుతున్నాం, వాడతాం కూడా. కానీ ఏది బాగుందో ఏది బాలేదో చెప్పే కన్ను మనకు ముందే ఉంది. ఆ కన్ను వంకర ఏనుగులు గీయడం వల్లే వస్తుంది.

"మార్కులొస్తాయా?"

ఇంట్లో ఈ మాట తప్పకుండా వస్తుంది. దానికి జవాబు రెడీగా పెట్టుకోండి. 2020 జాతీయ విద్యా విధానమే 6 నుంచి 8వ తరగతి పిల్లలకు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగం, కుండల తయారీ లాంటి చేతిపనులు నేర్పాలని చెప్పింది. కడపలోనే ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, 2020లో వచ్చింది. అంటే చేతిపనికి చదువులో చోటు లేదన్న మాట పాతబడిపోయింది. అయినా పరీక్షలు దగ్గరపడితే ముందు ఎగిరిపోయేది డ్రాయింగ్ పీరియడే.

ఇంకోవైపు స్క్రీన్లు మాత్రం ఆగకుండా వస్తున్నాయి. 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. నేను దాన్ని తప్పు పట్టను. పట్నం పిల్లలకు దొరికే పాఠం పల్లె పిల్లలకూ దొరకాలి. కానీ ట్యాబ్ పాఠం చెప్పగలదు, చేయి తిప్పడం నేర్పలేదు. ఆ సగం ఇంట్లోనే, మనమే చూసుకోవాలి.

ఇచ్చే ముందు చేయాల్సినవి

* బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. వెనక కవర్ కొంచెం లేచినా పిల్లలకు ఇవ్వొద్దు, అంతే.
* రీసెట్ చేసి సిమ్ తీసేయండి. ఫ్యామిలీ లింక్‌తో పిల్లల అకౌంట్ పెట్టండి.
* హోమ్ స్క్రీన్ మీద కెమెరా, వాయిస్ రికార్డర్, ఒక స్టాప్ మోషన్ యాప్ చాలు. ఇచ్చేది ఫోన్ కాకుండా ట్యాబ్ అయితే ఐదేళ్లు దాటినవాళ్లకు స్క్రాచ్ జూనియర్ వేయొచ్చు, ఫ్రీ. వీడియో యాప్‌లు తీసేయండి.
* సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ ఆన్ చేయండి. కెమెరా ఇస్తే కెమెరాలోనే ఉంటారు.
* ఒక అట్టపెట్టె నిండా శుభలేఖలు, చీపురు పుల్లలు, దారం, సుద్దముక్కలు, మొన లేని కత్తెర, మైదా పిండి జిగురు వేసి పెట్టండి. ఫోన్, ఈ పెట్టె ఎప్పుడూ ఒకే చోట ఉండాలి.
* మొదటి ఆదివారం మీరు కూడా పక్కన కూర్చోండి. గీసింది చూసి "ఇదేంటి?" అని అడగొద్దు. "దీని గురించి చెప్పు" అనండి. చాలా తేడా వస్తుంది.

చివరగా ఒక మాట. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది చిన్నప్పుడు రేడియోనో, రిమోట్ కారునో విప్పేసి తిట్లు తిన్న బ్యాచే. గ్యాడ్జెట్ల మీద మనకు ఇష్టం పుట్టింది స్పెక్స్ షీట్ చూసి కాదు, లోపల ఏముందో చేత్తో తెలుసుకున్నందుకు. ఇప్పటి ఫోన్లు విప్పడానికి వీల్లేకుండా అతికించేసి వస్తున్నాయి. మన తర్వాతి వాళ్లకు విప్పడానికి, విరగ్గొట్టడానికి, మళ్లీ చేయడానికి అట్ట, మట్టి, బెండు మిగిలాయి. పాత ఫోన్ ఇస్తే ఇవ్వండి. అట్టపెట్టె లేకుండా మాత్రం ఇవ్వొద్దు.