మిర్చి రైతుకూ ఒక బయానా లెక్క కావాలి

మాలో చాలామందిమి మిర్చి కోతల కూలితోనో, కౌలు సేద్యంతోనో గడిచే ఇళ్ల నుండి ఈ హాస్టల్‌కు వచ్చినవాళ్లమే. గుంటూరు యార్డులో ధర పడిన ఏడాది ఇంట్లో అప్పు పెరుగుతుందని లెక్కల పుస్తకం తెరవకముందే మాకు తెలుసు. ధర తగ్గిందని కౌలు తగ్గదు కదా! అందుకే ఈ సంచికలో ఒక లెక్కను మీ ముందుంచుతున్నాం.

పొలం బేరంలో బయానా ఇస్తాం. మనసు మారితే బయానా వదులుకుంటాం. ఇలా కొంత సొమ్ము చెల్లించి కొనే హక్కునో, అమ్మే హక్కునో పొందడాన్ని ఆప్షన్ అంటారు. అది హక్కే గాని బాధ్యత కాదు. దాని ఖరీదు కట్టే సూత్రాన్ని 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రకటించారు. షోల్స్‌కు, ఇందులో కృషి చేసిన రాబర్ట్ మెర్టన్‌కు 1997లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ అదే విషయాన్ని ఇంటర్ విద్యార్థికి కూడా అందేటట్టు చెప్పారు.

చూడండి. కోతల నాటికి క్వింటా మిర్చి ముందస్తు ధర 12,000 రూపాయలు అనుకుందాం. అప్పటికి అది 15,000 అయినా కావాలి, 10,500 అయినా కావాలి. రైతుకు 12,000కు అమ్మే హక్కు కావాలి. హక్కు ఇచ్చేవాడు 1,000 రూపాయలు తీసుకుని, క్వింటాలో మూడో వంతు సరుకును ఇప్పుడే 12,000 ధరకు ముందస్తుగా అమ్ముకుంటాడు. ధర పడితే అతనికి ఆ అమ్మకంలో 500 లాభం. చేతిలోని 1,000 కలిపి రైతుకు 1,500 ఇస్తాడు. ధర పెరిగితే అమ్మకంలో 1,000 నష్టం, అది తీసుకున్న సొమ్ముతో సరి. రెండు విధాలా లెక్క సరిపోయింది!

ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని జోస్యం చెప్పే పని లేదు. ఊగిసలాట ఎంతో తెలిస్తే చాలు. అది రెట్టింపై 18,000, 9,000 అయితే ఖరీదు కూడా 2,000 అవుతుంది. అయితే ముందస్తు అమ్మకాలకు మంచి మార్కెట్ లేనిచోట ఈ లెక్క కాగితం మీదే ఉండిపోతుంది.

పత్తికి ఉన్న మద్దతు ధర ఒక విధంగా రైతుకు ఉచితంగా ఇచ్చిన అమ్మే హక్కే. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదన్న షరతు ఉన్నా, హక్కు హక్కే. మిర్చికి అదీ లేదు. ధర పడిపోయాక, 2025 ఫిబ్రవరిలో, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు కాదా ఇది? అదే హామీ నారు పోయకముందే ఉంటే రైతు ఎంత వేయాలో, ఎంత అప్పు తేవాలో ఆలోచించుకునేవాడు. పంటల బీమాలాగే ఈ హక్కు ఖరీదులో ప్రభుత్వం వాటా భరించాలని, అది కౌలు రైతుకూ అందాలని మేము కోరుతున్నాం.

ఒక్క హెచ్చరిక. సెల్‌ఫోన్‌లో ఆప్షన్లు ఆడే తమ్ముళ్లూ! 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ తేల్చింది. ఈ లెక్క జూదానికి కాదు. సంభావ్యత పాఠాన్ని మార్కుల కోసమే చదవకండి. మన ఊళ్ల తరఫున లెక్క కట్టి అడగగలవాళ్లు ఈ హాస్టల్ నుండే రావాలి.