నివాసివాచకాలు: 'వారు'కు జరిగిన అన్యాయం

సెనెగల్ రాజధాని డకార్ పౌరునికి ఫ్రెంచిలో 'డకారువా' అనే ఏకపదం ఉన్నది. తెలుగులో అటువంటి నివాసివాచకాలు లేవనే వాదం నిలవదు. నాడు, ఊరు శబ్దాలు ఔపవిభక్తికాలై నాటి, ఊరి అవుతాయి. 'వారు' చేరగా పలనాటివారు, గుంటూరివారు సిద్ధిస్తాయి. లోపం భాషది కాదు, అర్థనిర్ణయానిది.

చందవోలు కేంద్రమైన వెలనాడు, దాని పొరుగు కమ్మనాడు, పాకనాడు మొదట ప్రాంతాలు. నేడు వెలనాటి, పాకనాటి అనగానే శాఖాభేదమే స్ఫురిస్తున్నది. గుంటూరివారు అంటే ఇంటిపేరే. మిర్చియార్డు మాటల్లో మాత్రం గుంటూరోళ్ళు, ఒంగోలోళ్ళు ఇంకా నివాసులే. కనుక 'గుంటూరీయులు' వంటి కృతకసృష్టి అనవసరం. నిఘంటువులు ప్రాంతార్థాన్ని ముందు, కులార్థాన్ని తరువాత నమోదు చేయాలి. లేనిచో నేలను కులానికి రాసి ఇచ్చినట్లే.