అంచుకు జవాబుదారీ ఎవరు?

అమెరికాలో అన్ని క్యాన్సర్లకన్నా ఎక్కువ మందికి వచ్చేది చర్మ క్యాన్సరే. దాన్ని కోసి తీసే హక్కు ఎవరిదన్న తగాదా కూడా అక్కడ పాతదే. చర్మవైద్యులు తమదంటారు. ముఖం మీద మచ్చ పడకూడదంటే తమ దగ్గరికే రావాలని ప్లాస్టిక్ సర్జన్లంటారు. 2018లో ‘మైక్రోగ్రాఫిక్ డెర్మటలాజిక్ సర్జరీ’కి ఉపవిభాగంగా గుర్తింపు దక్కి, 2021లో తొలి పరీక్ష జరగడంతో తగాదా చర్మవైద్యుల ఇంట్లోకే వచ్చింది. ప్రత్యేక ఫెలోషిప్ లేకుండానే ఏళ్లుగా ఈ ఆపరేషన్లు చేస్తున్నవారు, రేపు బీమా కంపెనీలు కొత్త పట్టా అడిగి తమను పక్కన పెడతాయేమోనని భయపడ్డారు. ఆ భయం అర్థంలేనిదేమీ కాదు. అయితే రోగి వైపు నుంచి చూస్తే గోడ మీది పట్టాకన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. కోసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని చూసేదెవరు, మిగిలితే జవాబు చెప్పేదెవరు?

మామూలు పద్ధతిలో సర్జన్ కణితిని చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసి ల్యాబుకు పంపుతాడు. అక్కడ దాన్ని బ్రెడ్డు కోసినట్టు నిలువునా ముక్కలు చేసి, కొన్నింటినే మైక్రోస్కోపు కింద పెడతారు. మొత్తం అంచులో కంటికి కనబడేది ఒకటి రెండు శాతానికి మించదు. 1930లలో విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ మొదలుపెట్టిన మైక్రోగ్రాఫిక్ పద్ధతి వేరు. పలచని పొర తీసి, దాని అడుగునూ పక్కలనూ ఒకే తలంలోకి పరిచి, అంచంతా చూస్తారు. క్యాన్సర్ కనబడిన చోట మాత్రమే, ఇప్పుడైతే అదే రోజు, మరో పొర తీస్తారు. కోసేదీ చదివేదీ ఒక్కరే. తమాషా ఏమిటంటే మోస్ చర్మవైద్యుడు కాదు, జనరల్ సర్జన్. తోటి సర్జన్లు పెద్దగా పట్టించుకోని పనిని చర్మవైద్యులు అందిపుచ్చుకున్నారు. ఇది పుట్టుకతోనే ఒక శాఖకు చెందిన సొత్తు అనే వాదన అక్కడే వీగిపోతుంది.

ఈ పద్ధతి ఎంత మేలన్నది నెదర్లాండ్స్‌లో ముఖం మీది బేసల్ సెల్ రకం చర్మ క్యాన్సర్లపై జరిగిన అధ్యయనం చెప్పింది. పదేళ్లలో, ఒకసారి తీశాక తిరగబెట్టి వచ్చిన కణితులు మోస్ పద్ధతిలో 3.9 శాతం మళ్లీ వస్తే, మామూలు కోతలో 13.5 శాతం వచ్చాయి. మొదటిసారి వచ్చిన కణితుల్లో 4.4, 12.2 శాతాలు. ఈ రెండో తేడా గణాంకపరంగా గట్టిగా నిలబడలేదు. పైగా ఆ తొలి కణితుల్లో తిరగబెట్టిన వాటిలో సగానికి పైగా అయిదేళ్లు దాటాకే బయటపడ్డాయి. కాబట్టి రెండు మూడేళ్ల ఫలితాలు చూపించి మా చేయి మంచిదని ఎవరు చెప్పుకున్నా నమ్మనక్కర్లేదు. ముక్కు, కనురెప్ప, చెవి దగ్గరి కణితికీ, తిరగబెట్టినదానికీ అంచంతా చూసే పద్ధతి కావాలి. వీపు మీది చిన్న కణితికి అంత హంగు అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో అలాంటివి ఎన్నో ఫ్యామిలీ డాక్టర్లే తీసేస్తున్నారు. మెలనోమా అనే రకం చర్మ క్యాన్సర్ లోతు దిగితే సంగతి మరొకటి. దానికి లింఫ్ గ్రంథిని కూడా పరీక్షించాల్సి రావచ్చు గనుక అది క్యాన్సర్ సర్జన్ల పని. కోసేవారిని నిర్ణయించాల్సింది కణితే.

మచ్చ సంగతేమిటని ప్లాస్టిక్ సర్జన్లు అడగడం న్యాయమే. కానీ కోయడం ఒక పని, పూడ్చడం మరో పని. అంచు తేలకముందే పక్క చర్మాన్ని జరిపి కప్పితే, మిగిలిన క్యాన్సర్ దాని కింద దాక్కుంటుంది. అంచు శుభ్రమని తేలాక కనురెప్ప లాంటి చోట పూడ్చే పని మరొకరికి అప్పగించడంలో ఎవరికీ నామర్దా లేదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం డబ్బుది. పొరకింతని బిల్లు వేసే వైద్యుడే, ఇంకో పొర కావాలో వద్దో తేల్చే పెథాలజిస్టు కూడా. అమెరికా ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ లెక్కల్లో సగటున ఒక్కో కేసుకు 1.74 పొరలు తీస్తుంటే, కొందరు మాత్రం ఏటా దానికి ఎంతో పైనే ఉన్నారు. అయితే మందు కూడా అక్కడే దొరికింది. తోటివారితో పోలిస్తే ఎక్కడున్నారో చూపిస్తూ మోస్ సర్జన్ల సంఘం తన సభ్యులకు నివేదికలు పంపింది. సగటుకు దూరంగా ఉన్నవారిలో 83 శాతం మంది తగ్గించుకున్నారు. నివేదికలు అందనివారిలో తగ్గించుకున్నది 69 శాతం. పట్టా ఒకసారి ఇస్తే అయిపోతుంది, లెక్క ఏటా చూడాలి. పరీక్ష పాసైనవారికీ కానివారికీ ఇదే కొలత పెడితే ఆ తగాదాలో సగం తీరుతుంది.

ఇక మన తెలుగు రాష్ట్రాల్లో చర్మ క్యాన్సర్ అరుదు. మోస్ పద్ధతి తెలిసిన కేంద్రాలు దేశం మొత్తంలోనే తక్కువ. ఇక్కడ మెలనోమా వస్తే తరచుగా అరికాలిలోనో గోటి కిందో వస్తుంది. పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో మరో రకం క్యాన్సర్ పుడుతుంది. అందుకే ఇక్కడ ప్రమాదం తొలి కోతలోనే ఉంది. ఆనికాయనో పుట్టుమచ్చనో అనుకుని కాటరీతోనో లేజర్‌తోనో కాల్చేస్తే ల్యాబుకు పంపడానికి ముక్కే మిగలదు. ప్రైవేటు క్లినిక్కులు ఎలాగూ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కావాల్సిందే. అనుమానం ఉన్న మచ్చను బయాప్సీ లేకుండా కాల్చకూడదనీ, ఎవరు తీసినా ఆ ముక్క పెథాలజిస్టుకు వెళ్లాలనీ, రిపోర్టు ప్రతి రోగి చేతికి అందాలనీ ఆ రిజిస్ట్రేషన్‌లోనే షరతు పెట్టవచ్చు. దానికి కొత్త యంత్రాలూ కొత్త పట్టాలూ అక్కర్లేదు.