అమెరికాకు తమ్ముణ్ణి పిలవొచ్చు, చింతూరుకు పిలవకూడదా?

ఎఫ్-4 అంటే ఏమిటో కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్ళకు తెలుసు. అమెరికా పౌరసత్వం వచ్చిన అన్న, ఇక్కడున్న తమ్ముడికో చెల్లికో గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టే దారి అది. ప్రపంచం మొత్తానికి ఏటా 65,000 వీసాలు. దేశానికి ఇంతే అనే పరిమితి కూడా ఉండటంతో 2006లో పెట్టిన భారతీయుల దరఖాస్తులకు ఈ మధ్యనే వంతు వస్తోంది. భార్యాభర్తలు, చిన్న పిల్లలు, తల్లిదండ్రుల విషయంలో ఆ పరిమితే లేదు.

1965 నాటి అమెరికా వలస చట్టం ఒక సూత్రాన్ని ఒప్పుకుంది: రక్తసంబంధం ఉన్నచోట బతకడానికి ఆ సంబంధమే ఒక హక్కు. ఈ సూత్రంతో మాకు పేచీ లేదు. కానీ మొదట వెళ్ళిన అన్న ఎవరు? భూమి, ఇంగ్లీషు చదువు ఉన్న కులాల డాక్టర్లు, ఇంజనీర్లే ఎక్కువ. సంతకం పెట్టే అన్న ఏ కులమైతే, విమానం ఎక్కే తమ్ముడూ అదే కులం. దళితవాడకూ, కొండమీది గూడేనికీ అక్కడ సంతకం పెట్టేవాళ్ళు దొరకడం అరుదు.

అలాగని ఆదివాసులు అయినవాళ్ళను పిలుచుకోలేదా? పిలుచుకున్నారు. 2005 జూన్‌లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు తగలబడ్డాయి. మురియా, కోయ కుటుంబాలు అడవి దారుల్లో అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చాయి. చింతూరు, వీఆర్ పురం మొదలుకొని భద్రాచలం చుట్టుపక్కల అడవుల దాకా గుడిసెలు వేసుకున్నాయి. ముందు వచ్చినవాళ్ళు తమ్ముళ్ళను, బావమరుదులను పిలిచారు. అమెరికాలో దీన్ని కుటుంబాల కలయిక అంటారు. ఇక్కడ మాత్రం ఆక్రమణ అంటున్నారు.

వీళ్ళను స్థానికులు గుత్తికోయలు అంటారు. మన షెడ్యూల్డు తెగల జాబితాలో కోయల ఉపతెగగా 'గుత్త కోయ' పేరు ఉంది, 'మురియా' పేరు లేదు. ఛత్తీస్‌గఢ్‌లో మురియాలు ఎస్టీలే. రాష్ట్రం హద్దు దాటగానే ఎవరూ కారు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఇదే: ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవారు మరో రాష్ట్రానికి వెళితే ఆ హోదా వెంట రాదు. ఆ కేసు తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళిన విద్యార్థిది. ఉద్యోగం కోసం వెళ్ళినవారికి వర్తించిన న్యాయాన్ని, మంటలకు భయపడి పరుగెత్తినవారికీ వర్తింపజేయడం న్యాయమేనా?

ఎస్టీ హోదా లేకపోతే 1/70 చట్టం కింద ఏజెన్సీలో సెంటు భూమి కొనడానికి లేదు. 2006 అటవీ హక్కుల చట్టం, ఎస్టీగా గుర్తించిన ప్రాంతంలోనే ఎస్టీకి పట్టా ఇస్తుంది. అదీ 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటేనే. ఎస్టీ కానివారైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే బతికినట్టు రుజువు చూపాలి. ఊరు తగలబడ్డాక వచ్చినవాళ్ళు ఆ రుజువు ఎక్కడ తెస్తారు?

ఈ గీత ఎంత కృత్రిమమో చింతూరే చెబుతుంది. 2014లో ఆ మండలాన్ని తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. గీతే జరిగింది కాబట్టి అక్కడి కోయల హక్కులు చెక్కుచెదరలేదు. మనిషి జరిగితే మాత్రం హక్కు పోతుంది.

ఉత్తరాన అరకు, ముంచంగిపుట్టు వైపు చూడండి. గదబలు, పోర్జలు, కోందులు ఆంధ్రాలోనూ ఉన్నారు, ఒడిశాలోనూ ఉన్నారు. సంతలు, పెళ్ళి సంబంధాలు సరిహద్దును పట్టించుకోవు. కోరాపుట్ నుంచి అరకు కోడలిగా వచ్చిన గదబ మహిళకు ఇక్కడ రిజర్వేషన్ రాదు. ఆమె సర్టిఫికెట్ ఒడిశాదే. అదే సరిహద్దులో, సాలూరుకు అవతల ఉన్న కొటియా గ్రామాలను రెండు రాష్ట్రాలూ మావంటే మావంటున్నాయి. 2021లో అక్కడ ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కొటియాలో చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. భూమి కావాలంటే ప్రభుత్వాలే వెంటపడి స్థానికుల్ని చేస్తాయన్నమాట.

2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యారు. హత్య హత్యే, దోషులకు శిక్ష పడాల్సిందే. కానీ ఆ వెంటనే బెండాలపాడు గ్రామసభ గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానించింది. నేరం కొందరిది, శిక్ష తెగ మొత్తానికి. ఈ పద్ధతి దళితవాడలకు కొత్త కాదు. మావోయిజాన్ని 2026 మార్చి 31కల్లా అంతం చేస్తామన్నది కేంద్రం మాట. "యుద్ధం అయిపోయింది, ఇక వెళ్ళిపొండి" అనే ఒత్తిడి రేపు ఇంకా పెరగవచ్చు. ఇరవై ఏళ్ళలో ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఎక్కడికి వెళ్ళాలి?

స్థానిక కోయలు, కొండరెడ్ల భయాన్ని మేము కొట్టిపారేయడం లేదు. పోలవరం ముంపులో భూమి పోగొట్టుకుంటున్నవాళ్ళు వాళ్ళు. ఉన్న కొద్ది పోడులో, కొద్ది సీట్లలో మరొకరు వాటాకు వస్తే కడుపు మండుతుంది. అయితే ఇద్దరు ఆదివాసుల మధ్య ఈ తగువు పెట్టింది ఆ గుడిసెలు కావు. వాళ్ళ ఊళ్ళు కాలినప్పుడు పునరావాసం ఇవ్వని ప్రభుత్వాలు.

అందుకే మా డిమాండ్లు స్పష్టం. వలస గూడేలన్నింటినీ లెక్కించి రేషన్, ఆధార్, బడి, అంగన్‌వాడీ ఇవ్వాలి. ఇందుకు ఎస్టీ హోదాతో పనిలేదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) అక్రమంగా నిర్వాసితులైనవారికి ప్రత్యామ్నాయ భూమి హక్కు ఇస్తోంది. దాన్ని ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేంద్రం కలిసి అమలు చేయాలి. హింసవల్ల రాష్ట్రం దాటిన ఎస్టీల హోదా వెంట వచ్చేలా పార్లమెంటు చట్టం చేయాలి. స్థానిక ఆదివాసుల కోటా తగ్గకుండా అదనపు సీట్లతో ఇది చేయవచ్చు.

సముద్రాలు దాటిన అన్న తమ్ముణ్ణి పిలిస్తే ఊరంతా స్వీట్లు పంచుకుంటాం. కొండ దాటిన అన్న పిలిస్తే జేసీబీ పంపుతున్నాం. ఈ తేడా కులానిదీ కాగితానిదీ అని మనమైనా గట్టిగా చెప్పాలి.