అమ్మే ఇంటికి కొత్త కిటికీలు అవసరమా?

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం. 2024 సెప్టెంబరు వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి రెండు మూడు తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల చదువులకో, ఉద్యోగాలకో ప్రధాన భూభాగానికి తిరిగి వచ్చేయాలనుకున్న కుటుంబం ఇల్లు అమ్మకానికి పెట్టగానే ఒక సలహా వినిపిస్తుంది: ‘పాత కిటికీలు తీసేసి కొత్తవి పెట్టించండి, ఇంటికి మంచి ధర వస్తుంది.’

ఈ సలహా పాటించడానికి చాలా డబ్బు కావాలి. అల్యూమినియం చట్రాలు, గాజు, బందులు, రబ్బరు పట్టీలు దాదాపు అన్నీ చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. ఒక బందు తక్కువైతే మళ్లీ ఓడ కోసం ఎదురుచూడాలి. ఇంత ఖర్చు పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న కిటికీ పాతదా కొత్తదా అన్నది కాదు. అది తన పని చేస్తోందా లేదా అన్నది. ఆ ప్రశ్నకు భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చాలావరకు స్పష్టమైన జవాబే ఇస్తాయి. ఎక్కువ ఇళ్లలో కిటికీలను మొత్తంగా మార్చడం కన్నా, పరీక్షించి, చెడిపోయిన భాగాన్ని బాగుచేసి, మిగిలిన లోపాన్ని కొనేవారికి చెప్పి అమ్మడమే మేలు.

తుప్పుకు వాన అక్కర్లేదు

ఆ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. విశాఖపట్నంలో పడేదానికి ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. అయితే కిటికీకి అసలు శత్రువు వాన కాదు, ఉప్పు. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో ఎండి ఉప్పు రేణువులుగా మారి చట్రాల మీద, బందుల మీద పేరుకుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే వంటింటి ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగి ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ చాలు. శ్రీ విజయపురంలో ఎక్కువ నెలలు గాలి తేమ ఈ స్థాయిలకు పైనే ఉంటుంది. అంటే చుక్క వాన లేని రోజున కూడా బందు మీద కంటికి కనిపించని ఉప్పునీటి పొర ఉంటుంది. తుప్పు పట్టడానికి అది చాలు.

కొత్త అల్యూమినియం కిటికీ ఈ సమస్య నుంచి తప్పించుకోలేదు. అల్యూమినియాన్ని కాపాడేది దాని మీద సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర. దాని మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. క్లోరైడ్ అయాన్లు ఆ పొరను అక్కడక్కడా ఛేదించి సన్నని గుంటలు చేస్తాయి. చట్రానికి మామూలు ఇనుప స్క్రూలు బిగిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఉప్పునీటి పొరలో రెండు వేర్వేరు లోహాలు తాకితే చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి, ఒక లోహం రెండోదాని కోసం కరిగిపోతుంది. ఇనుము పక్కన అల్యూమినియం ఉంటే సాధారణంగా నష్టపోయేది అల్యూమినియమే. అందుకే సముద్రతీరంలో కిటికీ ఎంతకాలం నిలుస్తుందన్నది చట్రం మెరుపు చెప్పదు. ఆక్సైడ్ పూత మందం, స్క్రూల రకం, రెండు లోహాల మధ్య నైలాన్ వాషర్ ఉందా లేదా అన్న చిన్న వివరాలు చెబుతాయి. అమ్మకం కోసం హడావుడిగా, తక్కువ ధరలో పెట్టించే కిటికీల్లో మొదట రాజీ పడేది ఈ వివరాల దగ్గరే.

యూపీవీసీ చట్రం తుప్పు పట్టదన్నది నిజమే. కానీ దాని లోపల బలం కోసం పెట్టే ఉక్కు కడ్డీ, బయట ఉండే బందులు, గడియలు లోహమే. పైగా వేడికి అది గాజు కన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. బిగించేటప్పుడు ఆ సందు వదలకపోతే రెక్కలు పట్టేస్తాయి.

నీళ్లు లోపలికి ఎలా వస్తాయి?

పాత కిటికీ మార్చాలనడానికి తరచుగా చెప్పే కారణం వాననీరు కారడం. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి కిటికీ మీద చూపే ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 135 న్యూటన్లు. ఆ ఒత్తిడి నీటిని దాదాపు 14 మిల్లీమీటర్ల ఎత్తుకు నెట్టగలదు. స్లైడింగ్ కిటికీ పట్టాలో నిలిచిన నీరు లోపలి అంచును దాటాలంటే అంత ఎత్తు చాలు. గాలి గంటకు 72 కిలోమీటర్లయితే అది సుమారు 24 మిల్లీమీటర్లవుతుంది. కాబట్టి పట్టా లోపలి అంచు తక్కువ ఎత్తులో ఉన్న కొత్త కిటికీ కూడా తుఫాను రాత్రి గదిలోకి నీళ్లు వదులుతుంది.

చాలాసార్లు కారణం ఇంతకన్నా చిన్నది. పట్టాలో నీరు బయటకు పోవడానికి ఉండే రంధ్రాలు దుమ్ముతో మూసుకుపోతాయి. చట్రానికీ గోడకూ మధ్య సీలెంట్ ఎండి పగులుతుంది. గోడలో పాతిన ఇనుప గ్రిల్ కడ్డీల చివర్లు తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న ప్లాస్టర్ పగిలి, ఆ పగులు నుంచి నీరు దిగుతుంది. అలాంటి గోడలో కొత్త కిటికీ పెట్టినా పాత పగులు పాతగానే ఉంటుంది.

వానాకాలంలో చెక్క రెక్క పట్టేయడం కూడా చాలామందికి లోపంలా కనిపిస్తుంది. చెక్క తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్లీ సన్నబడుతుంది. జులైలో పట్టేసిందని చిత్రిక పట్టిస్తే ఫిబ్రవరిలో సందు తేలుతుంది. ఇది చెక్క స్వభావమే తప్ప కిటికీ చెడిపోయిందనడానికి గుర్తు కాదు.

కొత్త కిటికీ, సగం గాలి

పాత ఇళ్లలో ఎక్కువగా బందుల మీద తిరిగే రెక్కల కిటికీలే ఉంటాయి. వాటి స్థానంలో నేడు వస్తున్నవి చాలావరకు రెండు పలకల స్లైడింగ్ కిటికీలు. చూడ్డానికి బాగుంటాయి, చోటు ఆదా అవుతుంది. కానీ ఒక పలక రెండోదాని వెనక్కి వెళ్తుంది కాబట్టి ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో కొత్త నివాస భవనాల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఈ తేడాను లెక్కలోకి తీసుకుంది. రెక్కల కిటికీకి 90 శాతం, రెండు పలకల స్లైడింగ్ కిటికీకి 50 శాతం తెరుచుకునే విస్తీర్ణంగా పరిగణిస్తుంది. వేడి, తేమ కలిసి ఉండే ప్రాంతాల్లో గాలి కోసం తెరుచుకునే మొత్తం విస్తీర్ణం నేల విస్తీర్ణంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని చెబుతుంది. మిగతా అన్ని వాతావరణ ప్రాంతాల కన్నా ఇదే ఎక్కువ.

ఈ కొలతను మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవున్న గదికి వర్తింపజేస్తే 2 చదరపు మీటర్లు తెరుచుకోవాలి. పక్కకు 1.2, ఎత్తు 1.2 మీటర్లున్న రెక్కల కిటికీలు రెండు ఉంటే 2.6 చదరపు మీటర్లు దొరుకుతాయి. అవే కంతల్లో స్లైడింగ్ కిటికీలు పెడితే మిగిలేది 1.44. గోడ మారలేదు, కంత మారలేదు, గది మాత్రం ఉక్కపోతకు గురవుతుంది. చెమట ఆరాలంటే గాలి కదలాలి. గాలి చాలనప్పుడు కొనేవారు ఏసీ పెట్టించుకుంటారు. ఆ దీవుల్లో సౌర విద్యుత్తు కొంత వచ్చినా, కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ ఓడల్లో తెచ్చిన డీజిల్ మండించి తీస్తున్నదే.

రెండు పొరల గాజు లెక్క

కరెంటు ఆదా పేరుతో రెండు పొరల గాజును సిఫారసు చేసేవారూ ఉన్నారు. బయట గడ్డకట్టే చలి, లోపల వెచ్చని గది ఉండే దేశాల్లో ఆ వాదనకు బలం ఉంది. అక్కడ లోపలికీ బయటికీ 25 డిగ్రీల తేడా ఉండవచ్చు. శ్రీ విజయపురంలో బయట 30 డిగ్రీలు, ఏసీ గదిలో 25 డిగ్రీలు అనుకుంటే తేడా అయిదే. ఒకటిన్నర చదరపు మీటర్ల కిటికీకి ఒంటి పొర గాజు బదులు రెండు పొరల గాజు పెడితే ఈ తేడా వల్ల లోపలికొచ్చే వేడిలో తగ్గేది దాదాపు 22 వాట్లు. అదే కిటికీ మీద చదరపు మీటరుకు 400 వాట్ల ఎండ పడుతుంటే మామూలు గాజు గుండా 500 వాట్ల దాకా లోపలికి వస్తుంది. పారదర్శకమైన రెండు పొరల గాజు ఉన్నా 450 వాట్ల దాకా వస్తుంది. ఆ ఎండను ఆపగలిగేది సన్‌షేడ్, వెదురు తడిక, చెట్టు నీడ. పాత ఇంటి లోతైన సన్‌షేడ్ ఈ పనిని పైసా ఖర్చు లేకుండా ఏళ్ల తరబడి చేస్తోంది.

పడౌక్ చెక్కను పారేయడం

పాత కిటికీ అండమాన్ పడౌక్ చెక్కదైతే మరో మాట చెప్పుకోవాలి. ఎర్రచందనం, వేగిస చెట్ల ప్రజాతికే చెందిన ఈ వృక్షం సహజంగా పెరిగేది అండమాన్ దీవుల్లోనే. చెదలను, తేమను బాగా తట్టుకుంటుంది. 1883లో మొదలైన చాథమ్ కలప మిల్లు దశాబ్దాల పాటు ఇలాంటి దుంగలను కోసింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఆ దీవుల సహజ అడవుల్లో చెట్ల నరికివేతపై కఠిన ఆంక్షలు విధించింది. నాటి చెక్క నేడు అంత సులభంగా దొరకదు. మరోవైపు ఒక కిలో అల్యూమినియం ముడిఖనిజం నుంచి తీయడానికి 14, 15 యూనిట్ల కరెంటు కావాలి. గట్టిగా ఉన్న పడౌక్ చట్రాన్ని పీకి, అల్యూమినియం పెట్టడమంటే తిరిగి రాని వస్తువు పోగొట్టుకుని, ఎక్కువ శక్తి మింగిన వస్తువును కొనుక్కోవడం.

మెరుగు వేరు, సమాచారం వేరు

అయినా కొత్త కిటికీలు చూసి కొనేవారు ముచ్చటపడతారు కదా అనే వాదన తీసిపారేయదగ్గది కాదు. మొదటి చూపు ప్రభావం ఉంటుంది. అయితే అమ్మేవారికి తెలిసినంత ఇంటి గురించి కొనేవారికి తెలియదు. 1970లో ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ ఎకర్లాఫ్ పాత కార్ల విపణిని ఉదాహరణగా తీసుకుని చెప్పింది ఇదే. నాణ్యత తెలియని చోట కొనేవారు అనుమానంతో ధర తగ్గిస్తారు, దాంతో మంచి వస్తువుకూ సరైన ధర రాదు. ఈ కృషికి ఆయన 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ అనుమానం తీరాలంటే కావాల్సింది నమ్మదగిన సమాచారం. పాత ఇంటికి హఠాత్తుగా వచ్చిన కొత్త కిటికీలు, తాజా ప్లాస్టర్ ‘ఏం దాచారో’ అన్న సందేహాన్ని పెంచే అవకాశమే ఎక్కువ.

దాచడం ప్రమాదకరం కూడా. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు కేవలం రంగు సమస్య కాకపోవచ్చు. కంత మూలల్లో ఒత్తిడి కేంద్రీకృతమవుతుంది. భూమి కంపించినప్పుడు గోడ మొదట చీలే చోట్లలో అవి ఒకటి. 2004 డిసెంబరు 26 భూకంపాన్ని, సునామీని చూసిన దీవుల్లో, దేశంలోనే భూకంప ముప్పు అత్యధికంగా ఉన్న ప్రాంతంలో, అలాంటి పగులును కొత్త చట్రం వెనక పూడ్చేయడమంటే కొనే కుటుంబం భద్రతతో ఆడుకోవడమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం తనకు తెలిసి, కొనేవారు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి.

ఎప్పుడు మార్చాలి?

మార్చక తప్పని సందర్భాలు ఉన్నాయి. స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే చట్రం కింది చెక్క మెత్తగా దిగిపోతే, అల్యూమినియం గుంటలు పడి చిల్లులైతే, గాజు పగిలితే, చట్రం గోడ నుంచి వదులై కదులుతుంటే ఆ కిటికీని మార్చాలి. గాలి సెకనుకు 40 మీటర్ల వేగంతో వీస్తే చదరపు మీటరు మీద దాదాపు 98 కిలోల బరువు పెట్టినంత ఒత్తిడి పడుతుంది. వదులైన చట్రం దాన్ని తట్టుకోలేదు. కానీ మార్చాల్సింది ఆ ఒక్క కిటికీనే, ఇంట్లో ఉన్న పది కిటికీలను కాదు.

మిగిలినవాటికి ఒక ఆదివారం పని చాలు. పైపుతో పది నిమిషాలు బయట నుంచి నీళ్లు కొట్టి లోపల ఎక్కడ తడి వస్తుందో చూడాలి. పట్టా రంధ్రాలు శుభ్రం చేయాలి. తుప్పు పట్టిన బందులు, స్క్రూల స్థానంలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయాలి. మాలిబ్డినం కలిసిన ఈ రకం క్లోరైడ్‌ను మామూలు 304 రకం కన్నా బాగా తట్టుకుంటుంది. సీలెంట్ మళ్లీ పట్టించి, చెక్కకు నూనె పూయాలి. మూలల్లో పగుళ్లుంటే ఇంజనీరుకు చూపించాలి. ఆ తర్వాత ప్రతి కిటికీ పరిస్థితిని ఒక కాగితం మీద రాసి, కొనేవారి చేతిలో పెట్టాలి. మార్చాలా, ఏ రకం పెట్టాలా, గాలి కావాలా, ఏసీ కావాలా అన్నది ఆ ఇంట్లో ఉండబోయేవారి నిర్ణయం. అందుకు అవసరమైతే ధరలో కొంత తగ్గించడం, వాళ్లకు నచ్చని కిటికీ కోసం ముందే డబ్బు పోయడం కన్నా తెలివైన పని.

ఇక్కడ ప్రభుత్వ సంస్థలు చేయగలిగింది కూడా ఉంది. శ్రీ విజయపురంలో అండమాన్ ప్రజాపనుల విభాగం ఉంది, ఇంజనీరింగ్ బోధించే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సాంకేతిక సంస్థ ఉంది. తీరం నుంచి వేర్వేరు దూరాల్లో బందులు, స్క్రూలు, పూత వేసిన అల్యూమినియం ముక్కలు ఆరుబయట ఉంచి, ఏడాదికోసారి తూచి, ఫలితాలను హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగుల్లో ఒక పేజీగా ప్రచురించడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. అలాంటి పేజీ ఒకటి చేతిలో ఉంటే ఇల్లు అమ్మే కుటుంబం దుకాణదారు మాట మీద కాకుండా, తమ ఊరి గాలి తేల్చిన లెక్క మీద నిర్ణయం తీసుకోగలుగుతుంది.