సాంచాల లెక్కుంది, మనుషుల లెక్కేది?

సూరత్‌లోని ఉన్, పాండేసరా, సచిన్‌లలో సాంచాలు నడిపే అన్నలారా, ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టే అక్కలారా!

రాత్రి పాళీ దిగినంక నిద్ర పట్టదు. సాంచె ఆగినా చెవుల్లో మోత ఆగదు. పగార్‌లో ఊరికి పంపంగ మిగిలింది లెక్కపెట్టుకుంటూ, గోడ దిక్కు తిరిగి పడుకునే మనిషిని మనమందరం చూశాం. దవాఖానకు పొమ్మంటే "నేనేమన్న పిచ్చోడినా?" అంటాడు.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. అందులో గుజరాత్ ఉంది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉందనీ, ఎక్కువమందికి వైద్యమే అందడం లేదనీ తేలింది. మంచి పనే. కానీ ఇల్లిల్లూ తిరిగి అడిగితే మన గది తలుపు తీసేదెవరు? పగటి పాళీవాడు సాంచె కాడ, రాత్రి పాళీవాడు నిద్రలో.

2022లో దేశంలో ఆత్మహత్యలు 1,70,924. అలా చనిపోయినవారిలో నాలుగో వంతుకు మించి రోజుకూలీలేనని జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) చెప్పింది. మన సూరత్‌లోనే 2024 జూలైలో వజ్రాల కార్మికుల యూనియన్ సొంతంగా హెల్ప్‌లైన్ తెరవాల్సి వచ్చింది. చచ్చినంక పోలీసులు రాసే లెక్క కాదు, బతికుండగా అడిగే లెక్క కావాలి మనకు.

ప్రభుత్వ ఖర్చుతో మానసిక వైద్యం పొందడం 2017 చట్టం ఇచ్చిన హక్కు. ఆ వైద్యం ఏ వేళకు, ఏ భాషలో, ఏ గల్లీలో అందాలో తేల్చాలంటే పరిశోధన జరగాలి. అదీ ప్రజల సొమ్ముతోనే. సేఠ్ డబ్బుతో చేస్తే పన్నెండు గంటల పాళీ సంగతి ఎవరు రాస్తారు?

వచ్చే బడ్జెట్‌లో సూరత్ మున్సిపల్ కార్పొరేషన్, రాష్ట్ర ఆరోగ్య శాఖ ఈ పరిశోధనకు నిధులు కేటాయించాలి. స్మిమేర్, ప్రభుత్వ వైద్య కళాశాల, వీర్ నర్మద్ విశ్వవిద్యాలయం ఈ పని చేపట్టాలి. తెలుగు, ఒడియా, భోజ్‌పురి వచ్చినవాళ్లు పాళీ మారే వేళ వచ్చి అడగాలి. పేర్లు మాత్రం ఎవరికీ చెప్పొద్దు, సేఠ్‌కు అసలే చెప్పొద్దు. తేలిన సంగతులు మన భాషల్లో అచ్చువేసి మన చేతికియ్యాలి.

ఓటు ఊర్లో ఉందని వెనక్కి తగ్గకండి. ఇక్కడ కొనే సబ్బుబిళ్ల మీద కూడా మనం పన్ను కడుతున్నాం. ఈ కాగితం ఇచ్చినవాళ్ల దగ్గరే అర్జీ ఉంది. సంతకం చేయండి, వేలిముద్రయినా సరే. కార్పొరేటర్‌కు ఇచ్చేటప్పుడు వెంట రండి.

అర్జీ పనికి నెలలు పట్టొచ్చు. మనసు బాగలేనివాళ్లు అందాకా ఆగొద్దు. టెలీ మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలయినా ఎత్తుతారు, తెలుగు కూడా ఉంది. ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి.

– ఉన్ తెలుగు సాంచాల కార్మికులు